కలపకు పేరు చాలదు, బలపరీక్ష కావాలి

పత్తి, మిర్చి, పొగాకు పండే గుంటూరు, ప్రకాశం మైదానంలో సరుకును తరగతులుగా విడదీసి, పరీక్షించి, ఆ తరగతిని బట్టి వెల కట్టే అలవాటు తరతరాలుగా వేళ్లూనుకుని ఉంది. వ్యవసాయోత్పత్తుల గ్రేడింగ్, మార్కింగ్ చట్టం 1937లో వచ్చి ఆగ్‌మార్క్ ముద్రకు ఆధారమైంది; పొగాకు బోర్డు 1976లో గుంటూరును కేంద్రంగా చేసుకుని ఏర్పడింది; మిర్చి నాణ్యతను పరీక్షించే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల కూడా గుంటూరులోనే ఉంది. పత్తి విషయంలో ఈ కొలత మరింత సూక్ష్మమైనది. పోగు పొడవు, సన్నదనంతో సరిపెట్టక, అది ఎంత లాగుడుకు తెగుతుందో కూడా యంత్రంపై పరీక్షించి, టెక్సుకు ఇన్ని గ్రాములని అంకెల్లో నమోదు చేస్తారు. టెక్సు అంటే వెయ్యి మీటర్ల పోగు తూగే గ్రాముల బరువు. వెంట్రుక కంటే సన్నని పోగుకు ఇంత శ్రద్ధగా బలపరీక్ష జరిపే ఈ ప్రాంతంలోనే, మనుషుల తలలపై నిలిచే దూలానికి, మిర్చి టిక్కీలను, అంటే బస్తాలను, నెలల తరబడి మోసే చెక్క అరకు, తడి స్లాబు కింద నిలబెట్టే సరుగుడు బాదుకు మాత్రం కొలిచిన బలమంటూ లేదు. కలప అడితిలో కొనుగోలు నేటికీ జాతి పేరు, రంగు, ఘనపుటడుగుల లెక్క మీదనే సాగుతున్నది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి అవసరమైన విజ్ఞానం కొత్తగా కనుగొనవలసినదేమీ కాదు. నిర్మాణ కలపను బలాన్ని బట్టి తరగతులుగా విభజించడం, ఆ తరగతికి చెప్పిన బలం నిజంగా ఉన్నదో లేదో నిండు పరిమాణపు చెక్కలను విరిచి పరీక్షించడం, చెట్లూ తోటలూ మారే కొద్దీ ఆ బలం నిలకడగా ఉన్నదా అని ఏటేటా పర్యవేక్షించడం అనే మూడు దశలు ప్రపంచంలో చాలాకాలంగా అమలులో ఉన్నాయి. మొదటి దశకు సంబంధించిన ప్రమాణాలు భారతదేశంలో పుస్తకాల్లో ఉన్నాయి, కాని అడితికి చేరలేదు. రెండవ, మూడవ దశలు క్రమబద్ధమైన వ్యవస్థగా రూపుదిద్దుకోలేదు. అడవి కలప పోయి తోట కలప, దిగుమతి కలప వస్తున్న ఈ కాలంలో ఆ మూడూ ఒక్కటిగా అమలు కావడం ప్రజల ప్రాణభద్రతకు సంబంధించిన విషయం.

పేరును నమ్మిన కాలం

జాతి పేరును బట్టి కలపను ఎంచుకోవడం ఒకప్పుడు అవివేకం కాదు. నల్లమల అడవుల్లోని టేకు, ఏగిస, నల్లమద్ది వంటి చెట్లు దశాబ్దాల పాటు నిదానంగా పెరిగి, చేవ తేలిన తర్వాతనే గొడ్డలికి వచ్చేవి. సముద్రం మీదుగా తీరాంధ్రకు చేరిన బర్మా టేకు కూడా ముదురు అడవిదే. పల్లెల్లో పెంకుటిళ్లకు, పూరిళ్లకు తాటి దూలాలు, తాటి వాసాలు వాడేవారు. తాటి మొద్దులో బలమంతా బయటి నల్లని గట్టి పొరలోనే ఉంటుందనీ, లోపలి భాగం మెత్తన అనీ తెలిసిన వడ్రంగులు ముదురు చెట్టునే ఎంచి, లోపలి మెత్తదనాన్ని చెక్కేసి, బయటి పొరను మాత్రమే దూలానికి ఉపయోగించేవారు. చెక్కను సుత్తితో తట్టి మోతను వినడం, నార వాలును చూపుతో పట్టడం, ముడి ఉన్న వైపును పైకి తిప్పి పెట్టడం వారి వృత్తి విద్యలో భాగాలు. పేరు వెనుక చెట్టు వయస్సు, నేల స్వభావం, వడ్రంగి చూపు అనే మూడు హామీలు ఉన్నంతకాలం పేరు ఒక మేరకు బలానికి గుర్తుగా పనిచేసింది.

ఆ హామీలు ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు అడవుల్లో చెట్ల నరికివేతను కట్టడి చేసింది. మయన్మార్ ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. వాటి స్థానంలో న్యూజిలాండ్ రేడియాటా పైన్, అమెరికా దక్షిణ రాష్ట్రాల సదరన్ పైన్ వంటి తోట కలపలు దేశంలోకి రాసాగాయి. ప్రకాశం, గుంటూరు ప్రాంతాల మెట్ట పొలాల్లో సుబాబుల్, జామాయిల్ తోటలు విస్తరించాయి. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో సరుగుడు ముందునుంచీ ఉంది. సుబాబుల్, జామాయిల్ ప్రధానంగా కాగితపు మిల్లుల కోసం పెంచే పంటలు, వాటిని టన్నుల లెక్కన తూచి కొంటారు. గుజ్జుకు బరువు లెక్క సరిపోతుంది. అదే కర్ర ఇంటి వాసంగానో, రేకుల షెడ్డుకు ఆధారంగానో మారినప్పుడు బరువు లెక్క ఏమీ చెప్పదు.

వేగంగా పెరిగిన లేత చెట్టు కలపకు ఒక ప్రత్యేక బలహీనత ఉంది. చెట్టు నడిమి దవ్వ చుట్టూ మొదటి కొన్ని సంవత్సరాలలో ఏర్పడే భాగాన్ని బాల్య కలప అంటారు. దాని కణాల గోడల్లో సూక్ష్మమైన సెల్యులోజ్ పోగులు చెట్టు నిలువుకు సమాంతరంగా కాక బాగా ఏటవాలుగా చుట్టుకుని ఉంటాయి. అందువల్ల ఆ చెక్క తక్కువ బరువుకే ఎక్కువగా వంగుతుంది, ఆరినప్పుడు పొడవు దిశలో కూడా కుదించుకుపోయి మెలితిరుగుతుంది. నలభై ఏళ్ల చెట్టులో ఈ భాగం కొద్దిపాటిదైతే, ఐదారేళ్లకే నరికే చెట్టులో దాదాపు కలప అంతా అదే. జాతి ఒకటే అయినా రెండు చెట్ల బలం ఒకటి కాకపోవడానికి ఇదే ప్రధాన కారణం.

తరగతి నిర్ణయం ఎలా జరుగుతుంది

భారతీయ కలపల బలాన్ని శాస్త్రీయంగా కొలిచే పని 1906లో డెహ్రాడూన్‌లో స్థాపితమైన అటవీ పరిశోధన సంస్థలో రూపుదిద్దుకుంది. అక్కడి శాస్త్రజ్ఞులు టేకును నూరుగా భావించి, ఇతర జాతుల గుణాలను దానితో పోల్చి సూచికలు తయారుచేశారు. ఆ కృషి ఆధారంగా భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 883, ఐఎస్ 3629 వంటి ప్రమాణాలను రూపొందించింది. జాతీయ భవన నిర్మాణ నియమావళిలోనూ నిర్మాణ కలపకు ప్రత్యేక విభాగం ఉంది.

ఐఎస్ 883 ప్రమాణపు 1994 సవరణ ప్రకారం కలప జాతులు మూడు సమూహాలు. ఈ విభజనకు రెండు గుణాలు ఆధారం. మొదటిది బిగువు, అంటే బరువు పడినప్పుడు వంగకుండా ఎదురునిలిచే గుణం. రెండవది అనుమతించదగిన వంపు ఒత్తిడి, అంటే వంగే దూలపు పైఅంచు, కింది అంచు పోగులపై ఎంత ఒత్తిడి వరకు క్షేమమన్న పరిమితి. బిగువు చదరపు మిల్లీమీటరుకు 12,600 న్యూటన్లకు మించి, ఒత్తిడి పరిమితి 18 న్యూటన్లకు మించినవి ‘ఎ’ సమూహం. 9,800 నుంచి 12,600 వరకు బిగువు, 12 నుంచి 18 వరకు ఒత్తిడి పరిమితి ఉన్నవి ‘బి’ సమూహం. 5,600 నుంచి 9,800 వరకు బిగువు, 8.5 నుంచి 12 వరకు ఒత్తిడి పరిమితి ఉన్నవి ‘సి’ సమూహం. కలపల్లో రాజుగా పేరొందిన టేకు ఈ పట్టికలో ‘బి’ సమూహంలో ఉంటుంది. చెదలను తట్టుకోవడం, ఆకారం చెడకుండా నిలవడం, పనిముట్టుకు లొంగడం టేకు గొప్పదనాలు. ఒక్క బిగువునే చూస్తే దానిని మించినవి వేరే ఉన్నాయి. ప్రతిష్ఠకూ బలానికీ మధ్య తేడాను ఈ ఒక్క ఉదాహరణే తెలుపుతుంది.

సమూహం జాతికి సంబంధించినది కాగా, తరగతి ఒక్కొక్క చెక్కకు సంబంధించినది. ఒకే దుంగ నుంచి కోసిన రెండు దూలాల్లో ఒకటి అన్నిటికంటే మేలైన సెలెక్ట్ తరగతికి, మరొకటి రెండవ తరగతికి చెందవచ్చు. తరగతిని నిర్ణయించే లోపాల్లో ఒకటి ముడి, అంటే కొమ్మ మొదలు చెక్కలో చిక్కుకుపోయిన చోటు. అక్కడ నార దారి తప్పి ముడి చుట్టూ వంకర తిరుగుతుంది. దూలం మధ్య మందంలో ఉన్న ముడి కంటే కింది అంచున ఉన్న ముడి ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే వంగే దూలంలో లాగుడు అత్యధికంగా ఉండేది ఆ అంచునే. నార వాలును కూడా ఇలాగే లెక్కిస్తారు: సెలెక్ట్ తరగతిలో ఇరవై అంగుళాల పొడవుకు ఒక అంగుళానికి మించి నార పక్కకు జరగరాదు, మొదటి తరగతిలో పదిహేను అంగుళాలకు ఒకటి, రెండవ తరగతిలో పన్నెండు అంగుళాలకు ఒకటి పరిమితి. చేవ కుళ్లు, తెల్లచెక్క కుళ్లు, చీలికలు, పొడి రాల్చే పుచ్చు పురుగు రంధ్రాలు ఏ తరగతిలోనూ అంగీకారయోగ్యం కావు. మొదటి తరగతికి నిర్ణయించిన ఒత్తిడిని నూరనుకుంటే సెలెక్ట్ తరగతికి 116, రెండవ తరగతికి 84 వరకు అనుమతిస్తారు. ఇంత స్పష్టమైన లెక్క ఉండి కూడా, సామాన్య కొనుగోలుదారు ఇంటికి తెచ్చుకునే చెక్కపై ఆ తరగతి ముద్ర కనబడదు.

చిన్న నమూనాకూ నిండు దూలానికీ తేడా

ప్రమాణాల్లోని అంకెలకు మూలం చిన్న నమూనాల పరీక్ష. ఐఎస్ 1708 ప్రకారం ముడి, పగులు, వంకర ఏదీ లేని శుద్ధమైన చెక్కను ఐదు సెంటీమీటర్ల చదరంలో 75 సెంటీమీటర్ల పొడవున, లేదా రెండు సెంటీమీటర్ల చదరంలో 30 సెంటీమీటర్ల పొడవున కోసి, రెండు ఆధారాలపై ఉంచి, మధ్యలో బరువు పెంచుతూ విరుస్తారు. వచ్చిన సగటు నుంచి లోపాలకూ, తేమకూ, కాలానికీ తగిన తగ్గింపులు చేసి క్షేమకరమైన ఒత్తిడిని లెక్కగడతారు. జాతుల మధ్య పోలికకు ఇది చక్కని పద్ధతి. అయితే ఇంటి కప్పును మోసే నిండు దూలం ఈ శుద్ధ నమూనాలా ప్రవర్తిస్తుందన్న భావనను 1970లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన బోర్గ్ మాడ్సెన్ పరిశోధనలు సవాలు చేశాయి. మార్కెట్లో అమ్మే పరిమాణంలోనే, ముడులతో సహా చెక్కలను విరిచి చూసినప్పుడు, తేమ, పరిమాణం, కాలం వంటి అంశాలు వాటిపై చూపే ప్రభావం చిన్న నమూనాల ఫలితాలకు భిన్నంగా ఉన్నట్లు తేలింది.

ఆ అవగాహన నుంచే 1977లో అమెరికాలోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల, కలప పరిశ్రమ కలిసి ‘ఇన్-గ్రేడ్’ పరీక్షల కార్యక్రమాన్ని ప్రారంభించాయి. మిల్లుల్లో తరగతి ముద్ర పడిన చెక్కలనే వేల సంఖ్యలో సేకరించి విరిచి, ఆ ఫలితాలపై ఆధారపడిన కొత్త బల విలువలను 1991లో అమలులోకి తెచ్చారు. ఈ పద్ధతిలో సగటు బలానికి బదులు, నూరు చెక్కలను బలం వరుసలో పేర్చితే కిందినుంచి ఐదవ స్థానంలో ఉండే చెక్క బలాన్ని ప్రాతిపదికగా తీసుకుంటారు. ఇల్లు కూలేది సగటు దూలం విరిగినందువల్ల కాదు, అన్నిటిలో బలహీనమైన దూలం విరిగినందువల్ల; కాబట్టి ఆ బలహీనుణ్ణి గుర్తించడమే పరీక్ష అసలు ప్రయోజనం.

ఇక్కడ దిగుమతి కలప కొనేవారు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. యూరప్ నుంచి వచ్చే పైన్, స్ప్రూస్ చెక్కలపై సి24 అనే ముద్ర ఉంటే, నూటికి తొంభై ఐదు చెక్కలు చదరపు మిల్లీమీటరుకు 24 న్యూటన్ల వంపు ఒత్తిడిని తట్టుకుంటాయని అర్థం. అది విరిగే స్థాయికి సంబంధించిన అంకె. భారతీయ ప్రమాణంలోని 12, 18 వంటి అంకెలు భద్రత కోసం తగ్గింపులన్నీ చేసిన తర్వాత మిగిలినవి. ఈ రెంటినీ నేరుగా పోల్చి, ఇరవై నాలుగు పెద్దది కనుక ఆ చెక్క బలమైనదని నిర్ణయిస్తే ఇంజనీరు సైతం పొరపడినట్లే. పైగా తరగతి ముద్ర కోసి ఆరబెట్టిన చెక్కకు వర్తిస్తుంది తప్ప దుంగకు కాదు. దుంగగా దిగి ఇక్కడి మిల్లులో కోతపడిన కలపకు విదేశీ ముద్ర ఏదీ ఉండదు.

ఏటేటా చూసుకోవడం ఎందుకు

ఒకసారి పరీక్షించి ముద్ర వేస్తే పని పూర్తయినట్లు కాదని సదరన్ పైన్ చరిత్ర నేర్పింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ కలపకు తరగతులు నిర్ణయించే సదరన్ పైన్ ఇన్‌స్పెక్షన్ బ్యూరో, 1994 నుంచి ఏటా మిల్లుల నుంచి చెక్కలను సేకరించి వాటి బిగువును పరీక్షిస్తూ వచ్చింది. ఫలితాల్లో మార్పు కనిపించడంతో నిండు పరిమాణపు చెక్కలను విస్తృతంగా విరిచి చూశారు. తత్ఫలితంగా రెండు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు గల రెండవ నంబరు తరగతి చెక్కకు అనుమతించే వంపు ఒత్తిడి విలువ చదరపు అంగుళానికి 1,500 పౌన్ల నుంచి 1,050 పౌన్లకు తగ్గింది. ఈ మార్పు 2012 జూన్ 1 నుంచి అమలయింది. మరుసటి ఏడాది జూన్ 1 నుంచి మిగిలిన పరిమాణాలకు కూడా సవరించిన విలువలు వచ్చాయి, నాలుగంగుళాల చెక్క విలువ 1,100 పౌన్ల దగ్గర స్థిరపడింది.

చెట్టు పేరు మారలేదు, తరగతి నియమాలు మారలేదు, ముద్ర కూడా మారలేదు. మారింది చెట్టు పెరిగిన తీరు. వేగంగా పెరిగే తోటల్లో చిన్న వయసులోనే నరికిన చెట్ల నుంచి వచ్చే చెక్కల్లో బాల్య కలప పాలు పెరగడం ఈ తగ్గుదలకు ప్రధాన కారణంగా చర్చకు వచ్చింది. అప్పటికే కట్టిన ఇళ్లలో భద్రతా గుణకం ఉన్నందున సవరించిన విలువలను కొత్త నిర్మాణాలకే వర్తింపజేశారు. గృహనిర్మాణ పరిశ్రమకు ఆర్థికంగా ఇబ్బంది కలిగినప్పటికీ, కొలత చెప్పిన నిజాన్ని అంగీకరించి ఇంజనీర్ల పట్టికలను సవరించిన ఆ నిర్ణయం గౌరవించదగినది. పర్యవేక్షణ లేకపోయి ఉంటే ఆ బలహీనత ఏదో ఒక తుపానులో, ఏదో ఒక కప్పు కూలినప్పుడు మాత్రమే బయటపడేది. సుబాబుల్, జామాయిల్, సరుగుడు కలపల్లో కొత్త క్లోన్లు వస్తున్న, నరికే వయస్సు తగ్గుతున్న ఆంధ్రప్రదేశ్‌లో దశాబ్దాల నాటి పట్టికలను కళ్లు మూసుకుని నమ్మడం ఎంతవరకు సబబో ఈ అనుభవం వెలుగులో ఆలోచించాలి.

ఈ మైదానంలో కలప మోసే బరువులు

కలప వాడకం కిటికీలకు, ద్వారబంధాలకు పరిమితమైపోయిందనీ, నిర్మాణ బలం గురించి ఇంత చర్చ అనవసరమనీ భావించేవారు ఉండవచ్చు. గుంటూరు, ప్రకాశం ప్రాంతపు జీవనోపాధులను దగ్గరగా చూస్తే ఆ భావన నిలవదు. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు మిర్చిని నిల్వ చేస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కించిన టిక్కీలు మంచి ధర కోసం ఏడాది చివరి వరకు అక్కడే ఉంటాయి. నలభై కిలోలకు పైబడిన టిక్కీలను పదింటిని ఒకదానిపై ఒకటి పేరిస్తే, ఒక్క టిక్కీ పరిచినంత చోటుపైనే నాలుగు క్వింటాళ్లు పడుతుంది. ముఠా కార్మికులు అదే అరలపై నడుస్తూ సరుకు దించుతారు.

చెక్క అరలు ఉన్న గిడ్డంగుల్లో కాలం ఒక నిశ్శబ్దమైన అదనపు బరువులా పనిచేస్తుంది. అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో లైమన్ వుడ్ 1951లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కొన్ని నిమిషాల పరీక్షలో నూరు పాళ్ల బరువును మోసిన చెక్క, బరువు పదేళ్లు నిలిచి ఉంటే సుమారు అరవై పాళ్లకు మించి మోయలేదు. భారతీయ ప్రమాణం కూడా ఈ సూత్రాన్ని గుర్తించింది: నిరంతర బరువుకు నిర్ణయించిన ఒత్తిడిని ప్రాతిపదికగా తీసుకుని, రెండు నెలల బరువుకు దానిలో 15 శాతం, గాలికీ భూకంపానికీ 33 శాతం ఎక్కువగా అనుమతిస్తుంది. తొమ్మిది నెలలు సరుకు మోసే అర నిరంతర బరువు కిందకే వస్తుంది కనుక, దానికి ఈ సడలింపులేవీ వర్తించవు. బరువు తీసేసిన తర్వాత కూడా వంపు తిరిగి సరికాకుండా మిగిలిపోతే, ఆ చెక్క అలసిపోయిందని గ్రహించి మార్చవలసి ఉంటుంది.

పొగాకు బ్యారన్‌ది ఇంకొక పరిస్థితి. ఒంగోలు, టంగుటూరు, కొండపి ప్రాంతాల్లో వర్జీనియా పొగాకును క్యూరింగ్ చేసే బ్యారన్‌లో పచ్చి ఆకు కట్టిన కర్రలను లోపలి అడ్డకర్రలపై అంతస్తులుగా వేలాడదీస్తారు. ఈనె ఆరే దశలో లోపలి వేడి సుమారు 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. దీర్ఘకాలం 65 డిగ్రీలకు మించిన వేడికి గురైన కలపలో బలం శాశ్వతంగా తగ్గుతుంది; చల్లబడినంత మాత్రాన అది తిరిగి రాదు. సీజన్ తర్వాత సీజన్ ఈ వేడిని భరించి, వర్షాకాలంలో చెమ్మను పీల్చిన అడ్డకర్ర చూపుకు చెక్కుచెదరకుండా ఉన్నా, దానిపై కాలుపెట్టి ఎక్కి కర్రలు అందుకునే కూలీ ప్రాణం ఆ కనబడని తరుగుదలపైనే ఆధారపడి ఉంటుంది.

మూడవది స్లాబు కింది సెంట్రింగ్. సరుగుడు బాదులపై నిలిచే తడి కాంక్రీటు, పనివాళ్లు, తట్టలు, యంత్రాల బరువు ఆ కొద్ది గంటల్లో అత్యధికం. స్లాబు పైభాగంలో వాడే సిమెంటు బస్తాపై 53 గ్రేడు అనీ, ఇనుప కడ్డీపై ఎఫ్ఈ 500 అనీ ముద్ర ఉంటుంది, కాంక్రీటు దిమ్మెలను 28 రోజుల తర్వాత ప్రయోగశాలలో చితకగొట్టి చూస్తారు; వాటన్నిటినీ కింద నిలబడి మోసే బాదుకు మాత్రం గ్రేడు లేదు, పుచ్చు పట్టిందా, వంకర ఉందా అన్న తనిఖీ సైతం మేస్త్రి ఓపికకే వదిలేశారు. నాలుగవది తీరంలోని కప్పులు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1990 మే తుపాను, 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుపాను ఈ ప్రాంతంలో గాలి ఒత్తిడి ఎంతటిదో చూపాయి. వాసాల బలం, వాటిని కలిపే అతుకుల పట్టు తెలియకుండా తీరప్రాంతపు పెంకుటిల్లు, రేకుల ఇల్లు క్షేమమని చెప్పడం సాధ్యం కాదు.

తేమ ఈ పరిస్థితులన్నిటిలోనూ కలిసివచ్చే అంశం. చెక్క ముక్కను తూచి, సుమారు 103 డిగ్రీల వేడిలో బరువు నిలకడ అయ్యేవరకు ఆరబెట్టి, తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగిస్తే తేమ శాతం వస్తుంది; 130 గ్రాముల ముక్క ఆరి 100 గ్రాములైతే దానిలో 30 శాతం తేమ ఉన్నట్లు. దాదాపు ఆ స్థాయి నుంచి కిందికి తేమ తగ్గే కొద్దీ, శుద్ధమైన చెక్క వంపు బలం ఒక్కో శాతానికి నాలుగైదు శాతం చొప్పున పెరుగుతుంది. పచ్చి కలపను కొని వెంటనే ఎక్కించేవారు, ఆ ఒక్క తొందరపాటుతోనే బలంలో పెద్ద భాగాన్ని కోల్పోతున్నారు.

చేయవలసిన పనులు

మొదటి చర్య పరీక్షకు సంబంధించినది. ప్రాథమికమైన పరీక్షకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. నాలుగంగుళాలు, అంటే 100 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం గల చెక్కను బల్లపరుపుగా రెండు మీటర్ల ఎడంలో ఉన్న రెండు ఆధారాలపై ఉంచి, నడుమ 50 కిలోల బరువు వేలాడదీసి, బరువు పెట్టకముందున్న స్థానం నుంచి ఎంత దిగిందో కొలవాలి. దిగుడు 6.2 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆ చెక్క బిగువు ‘ఎ’ సమూహపు స్థాయిలో ఉన్నట్లు; ఎనిమిది మిల్లీమీటర్ల లోపు ఉంటే ‘బి’ స్థాయి, పద్నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉంటే ‘సి’ స్థాయి; అంతకు మించి వంగిన చెక్కను నిర్మాణ భారానికి వాడకూడదు. ఈ పరీక్షలో చెక్కపై పడే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు ఆరు న్యూటన్లకు లోపే కనుక మంచి చెక్కకు హాని జరగదు. బిగువు ఎక్కువగా ఉన్న చెక్కకు విరిగే బలం కూడా సాధారణంగా ఎక్కువే అన్న సంబంధం ఆధారంగానే విదేశాల్లో యంత్రాలు చెక్కలను రోలర్ల మధ్య వంచుతూ తరగతులు నిర్ణయిస్తాయి. అయితే ఈ పరీక్ష అంచనాకు తోడ్పడుతుందే తప్ప, ముడులు, పగుళ్లు, పుచ్చు చూడవలసిన అవసరాన్ని తొలగించదు.

నిండు దూలాలను విరిచి చూసే పరీక్షకు కూడా ఈ ప్రాంతంలో పునాది ఉంది. గుంటూరు, బాపట్ల, నరసరావుపేట, ఒంగోలు ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో ఇనుప కడ్డీలను, కాంక్రీటు దిమ్మెలను పరీక్షించే యంత్రాలు ఉన్నాయి. తగిన ఆధారాలు అమర్చి, ఐఎస్ 2408 సూచించిన నిండు పరిమాణపు పరీక్షా పద్ధతిని పాటిస్తే అవే యంత్రాలు కలపకు కూడా పనికివస్తాయి. డెహ్రాడూన్, బెంగళూరులలోని కలప పరిశోధన సంస్థల సాంకేతిక మార్గదర్శనంలో ఏటా కోత మిల్లుల నుంచి సరుగుడు, జామాయిల్, సుబాబుల్, దిగుమతి పైన్ చెక్కలను యాదృచ్ఛికంగా సేకరించి విరిచి, ఫలితాలను తెలుగులో ప్రకటించే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వం చేపట్టాలి. ఒక్క ఏడాది అంకెలతో తొందరపడకుండా, వరుస సంవత్సరాల ఫలితాలను పోల్చినప్పుడే కలపలో వచ్చే మార్పు తెలుస్తుంది.

రెండవ చర్య నియమాలకు సంబంధించినది. సా మిల్లుల నియంత్రణకు రాష్ట్రంలో 1969 నుంచి నియమాలు ఉన్నాయి. కలప ఎక్కడిదో, కొట్టడానికి అనుమతి ఉన్నదో లేదో అవి చూస్తాయి. అడవిని కాపాడటానికి అది అవసరమే. దానితోపాటు నిర్మాణానికి అమ్మే చెక్కపై జాతి, సమూహం, తరగతి, తేమ స్థితిని తెలిపే ముద్ర వేసే పద్ధతిని మొదట స్వచ్ఛందంగా, తర్వాత ప్రభుత్వ పనుల కొనుగోళ్లకు తప్పనిసరిగా తీసుకురావాలి. కేంద్ర ప్రజా పనుల శాఖ తన నిర్మాణాల్లో కలప వాడకంపై 1993 నుంచి ఉన్న నిషేధాన్ని 2020లో ఎత్తివేసింది. పొలాల్లో చెట్లు పెంచే రైతులకు ఇది మంచి అవకాశం. తరగతి ముద్ర వస్తే మంచి చెక్క పండించిన రైతు గుజ్జు కర్ర టన్ను ధరతో సరిపెట్టుకోనవసరం ఉండదు. పత్తికి పోగు పొడవును బట్టి ధర తేడా ఉన్నట్లే, జామాయిల్‌కూ బిగువును బట్టి ధర తేడా వచ్చినప్పుడు చెట్టును మరికొన్నేళ్లు పెరగనిచ్చే ఓపికకు ప్రతిఫలం దక్కుతుంది.

మూడవ చర్య వాడుకలో ఉన్న కలప తనిఖీ. ప్రతి సీజన్‌కు ముందు కోల్డ్ స్టోరేజీల చెక్క అరల వంపును కొలిచి నమోదు చేయడం, బ్యారన్ అడ్డకర్రలను పరీక్షించి పాతవాటిని తొలగించడం, సెంట్రింగ్ బాదులను వాడే ముందు ఏరివేయడం లైసెన్సు షరతుల్లో, కార్మిక భద్రతా నియమాల్లో చేరాలి. వడ్రంగి మేస్త్రీలకు, మిల్లు సిబ్బందికి తరగతి నిర్ణయంలో శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలు జారీ చేయాలి. చెక్కను తట్టి చూసే పాత నైపుణ్యానికి కొలబద్ద, తేమ మీటరు తోడైతే ఆ వృత్తికి కొత్త గౌరవం వస్తుంది.

ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరానికి సమాధానం కష్టమేమీ కాదు. బలం తెలియని చోట మేస్త్రి భయంతో అవసరానికి మించిన మందపు దూలాన్ని వాడతాడు, లేదా ధైర్యంతో చాలని దూలాన్ని వాడతాడు. మొదటిదానిలో కలప వృథా, రెండవదానిలో ప్రాణాలకు ముప్పు. తరగతి ముద్ర ఈ రెండు నష్టాలనూ తగ్గిస్తుంది. కాయకూ ఆకుకూ పోగుకూ గ్రేడు కట్టే విద్యలో ఆరితేరిన గుంటూరు సీమ, నిర్మాణ కలపకు గ్రేడు కట్టి ఏటేటా పరీక్షించే తొలి కేంద్రంగా రాష్ట్రానికి దారి చూపగలదు. దానికి కావలసిన ప్రమాణాలు, యంత్రాలు, చేతి నైపుణ్యం ఇప్పటికే ఇక్కడ ఉన్నాయి. వాటిని ఒక వ్యవస్థగా కూర్చే నిర్ణయాన్ని ప్రభుత్వం ఇక వాయిదా వేయకూడదు. టిక్కీలు మోసే ముఠా కార్మికుడికి, బ్యారన్ ఎక్కే కూలీకి, స్లాబు కింద పనిచేసే మేస్త్రికి కొలిచిన బలంపై నిలబడి పనిచేసే హక్కు ఉంది.